బిల్లు ఫోటోలు పోగా మిగిలినవి

మొన్న ఆదివారం మా కింద ఫ్లాట్‌లో వడ్రంగులు కొత్త తలుపులకి లిన్సీడ్ ఆయిల్ పట్టిస్తున్నారు. కూరగాయల సంచీ పట్టుకుని మెట్లు దిగుతున్నవాణ్ణి ఆ వాసన తగలగానే ఆగిపోయాను. పై మెట్టు మీద అలాగే కాసేపు కూర్చున్నాను. వడ్రంగి కుర్రాడు చూసి, కళ్ళు తిరిగాయేమో అనుకుని మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

మాస్టారి పెద్దకర్మకి వెళ్ళొచ్చి అప్పటికి పది రోజులైనా కాలేదు. ఆ ఇంట్లో అగరొత్తుల వాసన, పువ్వుల వాసన ఉన్నాయి గానీ ఈ నూనె వాసన మాత్రం లేదు. ఆయన దగ్గర ఎప్పుడూ ఉండేది అదే. స్నానం చేసి, విభూతి పెట్టుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని పెళ్ళికి వచ్చినా పక్కన కూర్చుంటే లిన్సీడ్ ఆయిల్ వాసనే వచ్చేది.

ఆయన సినిమా కటౌట్లు వేసేవారు. మా బాబాయి వాటిని ఫోటోలు తీసేవాడు. నేను బాబాయి వెంట బ్యాగు మోసేవాణ్ణి.

*

బాబాయికి మద్రాసు వడపళనిలో ఆర్కాట్ రోడ్డు మీద చిన్న స్టూడియో ఉండేది. పాస్‌పోర్ట్ ఫోటోలు, పెళ్ళిళ్ళు, వేషాల కోసం కంపెనీల చుట్టూ తిరిగే జూనియర్ ఆర్టిస్టుల ఆల్బమ్‌లు తీసేవాడు. అప్పట్లో వాహినీ, ఏవీఎం స్టూడియోల చుట్టుపక్కల సందుల్లో సగం మంది తెలుగువాళ్ళే. మేకప్ వాళ్ళు, లైట్‌బాయ్‌లు, వంటవాళ్ళు, దర్జీలు అందరూ గోదావరి, కృష్ణా జిల్లాల నుంచి వచ్చి అక్కడే కాపురాలు పెట్టినవాళ్ళు. మాస్టారిది పాలకొల్లు దగ్గర ఊరు. పోస్టర్ల డిజైనర్ ఈశ్వర్ గారిదీ పాలకొల్లేనని, బాపు గారి 'సాక్షి'తో పైకొచ్చారని మాస్టారు గర్వంగా చెప్పేవారు. డిజైనర్ గీసిన అరచేతంత డిజైన్‌నీ, కంపెనీ ఇచ్చిన స్టిల్‌నీ పట్టుకుని దాన్ని నలభై అడుగులు చెయ్యడం మాస్టారి పని.

కటౌట్‌కి ఫోటో ఎందుకంటే, బిల్లు కోసం. ఫలానా థియేటర్ దగ్గర, ఫలానా కూడలిలో నిలబెట్టాం అని ఫోటో చూపిస్తేనే నిర్మాత ఆఫీసులో మిగతా డబ్బు ఇచ్చేవాళ్ళు. అందుకని కటౌట్లు నిలబెట్టిన మర్నాడు బాబాయి యాషికా మ్యాట్ మెడలో వేసుకుని సైకిల్ మీద ఊరంతా తిరిగేవాడు. ఆ కెమెరాలో రోల్‌కి పన్నెండు ఫోటోలే వస్తాయి. ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వాళ్ళు చేసే ఇందు ఫిల్మ్ వాడేవాడు. బజార్లో దొరికినప్పుడు తూర్పు జర్మనీ ఆర్వో కొనేవాడు. బిల్లుకి ఎనిమిదో తొమ్మిదో సరిపోయేవి. సాయంత్రానికి ప్రింట్లు ఇవ్వాలి కాబట్టి మిగిలిన మూడు ఫ్రేముల కోసం రోల్‌ని కెమెరాలో ఉంచుకోవడం కుదరదు.

"మిగిలినవి నువ్వు కొట్టుకోరా" అని కెమెరా నా చేతికిచ్చేవాడు.

నేను తీసినవన్నీ అలా మిగిలినవే. నిలబడ్డ కటౌట్‌ని బాబాయి తీశాక నాకు తియ్యడానికి ఏముంటుంది? అందుకని తాళ్ళు ముడివేసేవాణ్ణి, డబ్బాలు కడిగేవాణ్ణి, నిచ్చెన మీద మాస్టారిని తీసేవాణ్ణి. ఇంకో రోజు స్టూడియో రోల్‌లో ఒకటి రెండు మిగిలితే మాస్టారి తోటకి పరిగెత్తేవాణ్ణి.

*

తోట అంటే నిజంగా కొబ్బరి తోటే. ఒక మూల రేకుల షెడ్డు, మిగతాదంతా ఖాళీ నేల. బ్యానర్లకైతే చట్రాలకి గాడా అనే ముతక గుడ్డ బిగించి కొట్టేవాళ్ళు. కటౌట్లకైతే ప్లైవుడ్. నలభై అడుగుల మనిషికి ఎనిమిది బై నాలుగు షీట్లు ఇరవై దాకా పట్టేవి. ముందు జింక్ పొడి, వజ్రం కలిపి తెల్లపూత వెయ్యాలి. వజ్రం అంటే వడ్రంగులు వాడే జిగురు. పలకల్లా ఉంటుంది, నీళ్ళలో వేసి కాచాలి. అది కాగుతున్నప్పుడు వచ్చే కంపుకి పక్కిళ్ళ వాళ్ళు కిటికీలు మూసుకునేవాళ్ళు. రంగులు పొడులుగా వచ్చేవి. బండ మీద పోసి, లిన్సీడ్ ఆయిల్ కలుపుకుంటూ రాయితో మెత్తగా నూరి డాల్డా డబ్బాల్లోకి ఎత్తేవాళ్ళు. క్రోమ్ ఎల్లో, ప్రష్యన్ బ్లూ అనే పేర్లు నేను స్కూల్లో కాదు, అక్కడే నేర్చుకున్నాను.

తర్వాత గళ్ళు. స్టిల్ మీద పెన్సిల్‌తో అర అంగుళం గళ్ళు, ప్లైవుడ్ మీద రెండడుగుల గళ్ళు. నూలు దారానికి రంగు పొడి పట్టించి, చెరో కొసా ఇద్దరు పట్టుకుని లాగి, మధ్యలో ఎత్తి వదిలితే టప్‌మని గీత పడేది. పొద్దున్నే తోటలో అదే చప్పుడు. టప్, టప్, టప్. స్టిల్‌లో ఒక గడిలో ముక్కు కొస ఉంటే ప్లైవుడ్ మీద అదే గడిలో ముక్కు కొస గియ్యాలి. శిష్యులకి అది ముక్కని తెలియనక్కర్లేదు, గీత ఎక్కడ మొదలై ఎక్కడికి పోయిందో చూస్తే చాలు అనేవారు మాస్టారు. బట్టలు, నగలు, వెనకాల కొండలు శిష్యులు వేసేవాళ్ళు. అక్షరాలకి వేరే మనిషి. ముఖం మాత్రం మాస్టారిదే.

స్టిల్ కొలత ప్రకారం తల ఐదడుగులు రావాలంటే ఆయన ఆరడుగులు చేసేవారు. కింద నిలబడి మెడ ఎత్తి చూసేవాడికి పైనున్న తల చిన్నదైపోతుంది కదా. నీడల్లో ఊదా, బుగ్గ మీద గులాబీ, గడ్డం కింద ఆకుపచ్చ వేసేవారు. దగ్గర్నుంచి చూస్తే మనిషి ముఖంలానే ఉండేది కాదు, రంగుల మడుగుల్లా ఉండేది. మౌంట్ రోడ్డులో బస్సులోంచి చూస్తే మాత్రం హీరో నన్నే చూస్తున్నాడు అనిపించేది.

ఈ తేడా పట్టుకోవడానికి ఆయన నాలుగు సార్లు బ్రష్ ఆడించడం, వెనక్కి నడిచి అవతల కొబ్బరి చెట్టు దాకా వెళ్ళి చూడడం, మళ్ళీ రావడం. రోజుకి ఎన్ని సార్లో. ఆయన నడిచే దారిలో గడ్డి మొలిచేది కాదు.

అలా ఉండగా ఒకరోజు నా మెడలో కెమెరా చూసి "ఏదీ, ఇలా తేరా అబ్బాయ్" అన్నారు. యాషికా మ్యాట్‌లో పైనుంచి తల వంచి చూడాలి. లోపల గరుకు అద్దం మీద చిన్న చదరంలో బొమ్మ పడుతుంది, కానీ కుడి ఎడమలు తారుమారుగా ఉంటాయి. మాస్టారు రెండు చేతులూ అడ్డం పెట్టి వెలుతురు పడకుండా ముఖం ఆ అద్దానికి ఆనించారు. చాలాసేపు కదల్లేదు. తర్వాత లేచి ఏమీ మాట్లాడకుండా వెళ్ళి, ఎడమ కంటి కింద రెప్పని రెండంగుళాలు పైకి జరిపారు. మళ్ళీ వచ్చి చూశారు.

"తిరగేసి చూపిస్తోందిరా. మన కన్ను అలవాటు పడి దాచేసే తప్పుని ఇది దాచట్లేదు" అన్నారు.

అప్పటినుంచి ముఖం పూర్తయ్యే రోజు నాకు కబురొచ్చేది. రోల్ లేకపోయినా సరే, ఖాళీ కెమెరా పట్టుకురమ్మనేవారు. ఫోటో తియ్యడానికి కాకుండా బొమ్మ వెయ్యడానికి కెమెరా పనికిరావడం నేను అక్కడే చూశాను. నా పద్నాలుగేళ్ళ వయసులో నాకు దొరికిన అతి పెద్ద గౌరవం అది.

*

అక్షరాలు రాసే ఆయన తమిళుడు. తెలుగు చదవడం రాదు. విజయవాడ, గుంటూరు థియేటర్లకి వెళ్ళే బ్యానర్ల మీద తెలుగు పేర్లు బొమ్మ గీసినట్టే చూసి గీసేవాడు. ఎంత అందంగా గీసేవాడో! అంత గుండ్రటి సున్నా తెలుగువాళ్ళెవరూ రాయగా చూడలేదు. కాకపోతే తలకట్టు ఒక్కోసారి పక్క అక్షరం మీదికి పోయేది, ఒత్తు మరుగున పడేది. లారీ ఎక్కించే ముందు తప్పులు చూడడం నా పని. చాక్‌పీసుతో గుర్తు పెడితే ఆయన "సరి తంబి" అని దిద్దేవాడు. ఒక్కసారి కూడా చిన్నబుచ్చుకోలేదు.

*

కటౌట్లకి మద్రాసులో పెద్ద చరిత్రే ఉంది. 1957లో శివాజీ గణేశన్ 'వణంగాముడి'కి చిత్ర థియేటర్ దగ్గర ఎనభై అడుగుల కటౌట్ నిలబెట్టారు. తర్వాత వచ్చిన ఆర్టిస్టులందరూ తమ బొమ్మని దానితోనే కొలుచుకునేవారు. బొంబాయిలో ఎం.ఎఫ్. హుస్సేన్ కూడా సినిమా హోర్డింగులు వేసినవాడేనని తోటలో రోజుకొకరైనా అనేవాళ్ళు. మా కాలానికి జెమినీ ఫ్లైఓవర్ చుట్టూ, మౌంట్ రోడ్డు పొడుగునా హోర్డింగులే. ఆ రోడ్డు పేరు అన్నాశాలై అయి చాలా ఏళ్ళయినా మాకు మౌంట్ రోడ్డే. దేవి, శాంతి, ఆనంద్, సఫైర్ థియేటర్ల ముందు శుక్రవారం పొద్దున అభిమానులు కటౌట్లకి హారతి పట్టి, కొబ్బరికాయలు కొట్టేవాళ్ళు. కొన్నిటికి కిరీటం మీదా నగల మీదా చెమ్కీలు వేలాడదీసేవాళ్ళు. గాలికి ఊగి తళతళలాడుతుంటే బస్సులో జనం ఒక పక్కకి ఒరిగిపోయేవాళ్ళు.

వాటిని ఎత్తేది రాత్రి పూటే, ట్రాఫిక్ తగ్గాక. ముక్కల వెనక సుద్దతో అంకెలు వేసి లారీలో పేర్చేవాళ్ళు. ముందుగానే సరుగుడు కర్రలు పాతి, కొబ్బరి పీచు తాళ్ళతో పరంజా కట్టి ఉంచేవాళ్ళు. అక్కడ దాన్ని సారం అనేవాళ్ళు. ఒక్క మేకు ఉండదు, అంతా ముడులే. కాళ్ళ ముక్క ముందు, తర్వాత నడుము, ఛాతీ, ఆఖర్న తల. తాడు లాగేవాళ్ళలో సగం మంది తమిళులు, సగం మంది మనవాళ్ళు. ఒకళ్ళు "ఏలేలో ఐలసా" అంటే ఇంకొకళ్ళు "హైలెస్సా" అనేవాళ్ళు. రెండూ కలిసిపోయి ఒకటే ఊపు వచ్చేది. ఆ కేకకి ఫుట్‌పాత్ మీద పడుకున్నవాళ్ళు కూడా లేచొచ్చి తాడు పట్టుకునేవాళ్ళు.

ఒక కార్తీక మాసం రాత్రి, సన్నగా జల్లు. తల ముక్క పైకి పోతుంటే తాడు జారి ముఖం మీద ఒరుసుకుంది. కిందకి చూస్తున్న ఎడమ కనుపాప చెరిగిపోయింది, రంగు ఇంకా పచ్చిగానే ఉంది మరి. దించే వీలు లేదు, తెల్లవారితే పూజ. అందరికీ టెన్షన్. మాస్టారు అప్పటికే యాభై దాటినవారు. పంచె ఎగ్గట్టి, తువ్వాలు తలకి చుట్టుకుని, నల్లరంగు డబ్బా తాడుతో నడుముకి కట్టుకుని పరంజా ఎక్కారు. కింద ఒకడు పెట్రోమాక్స్ లైటు కర్రకి కట్టి ఎత్తి పట్టుకున్నాడు. నలభై అడుగుల ఎత్తున ఆయనకి ఎదురుగా ఆ కన్ను ఒక్కటే ఉంది. వెనక్కి నడిచి చూసుకోవడానికి కొబ్బరి చెట్టు లేదు. "కుడి పక్కకి... ఇంకొంచెం" అని బాబాయి కింద నుంచి అరుస్తున్నాడు. చివర్న తెల్లచుక్క పెట్టాలి. ఆ చుక్క పడేదాకా కన్ను గుడ్డిదే. ఆయన చుక్క పెట్టి చెయ్యి తీశారో లేదో కింద తాళ్ళు పట్టుకున్నవాళ్ళంతా ఒక్కసారి ఈల వేశారు.

రోల్‌లో ఒక్కటే ఫ్రేము ఉంది. లారీ బానెట్ మీద కెమెరా ఆనించి, షట్టర్ తెరిచి, మూడు అంకెలు లెక్కపెట్టి వదిలాను. ఆ ఫోటోలో కన్ను స్పష్టంగా వచ్చింది. మాస్టారి చెయ్యి కదిలిపోయి పొగలా ఉంది.

మర్నాడు బాబాయి బిల్లు ఫోటో తీశాడు. ఎదురుగా ఉన్న లాడ్జి వాచ్‌మన్‌ని బతిమాలి మిద్దె మీదికి ఎక్కి తీసేవాడు ఎప్పుడూ. రోడ్డు మీద నిలబడి కెమెరా ఎత్తితే కటౌట్ వెనక్కి పడిపోతున్నట్టు వస్తుంది. సగం ఎత్తు నుంచి తీస్తేనే నిటారుగా వస్తుంది. చాలా శ్రద్ధగా తీసినవి అవన్నీ. ఇప్పుడు ఒక్కటీ లేదు. ప్రింట్లతో పాటు నెగెటివ్‌లు కూడా ఇచ్చేయాలని ఒక కంపెనీ పట్టుబట్టేది. బాబాయి పాపం ఇచ్చేవాడు. ఆ ఆఫీసు ఖాళీ చేసిన రోజు ఫైళ్ళన్నీ పాత కాగితాలవాడికి తూకానికి వేసేశారని తర్వాత తెలిసింది. ఆ వార్త విని బాబాయి రెండు రోజులు స్టూడియో తియ్యలేదు. ఇప్పటికీ నాకు ఆ సంగతి తలుచుకుంటే కడుపు మండుతుంది.

*

సినిమా పోయాక బొమ్మ పోతుంది. ప్లైవుడ్ మీద మళ్ళీ తెల్లపూత వేసి కొత్త హీరోని గీసేవాళ్ళు. గుడ్డ కూడా అంతే, నాలుగైదు సినిమాలు మోసేది. ఆ తర్వాత దళసరిగా, అట్టలా అయిపోయిన గుడ్డని గుడిసెల వాళ్ళు కొనుక్కెళ్ళేవాళ్ళు. నూనె రంగు పూతలతో చుక్క నీరు కూడా దిగదు కదా. కూవం నది ఒడ్డున గుడిసెల మీద బ్యానర్లు కప్పి ఉండేవి. ఒక ఇంట్లోకి బాబాయితో రేషన్ కార్డు ఫోటోకి వెళ్ళాను. తల ఎత్తి చూస్తే లోపలివైపు కూడా బొమ్మ మసగ్గా దిగింది. హీరోయిన్ చెవి జూకా. దాని కింద ఉయ్యాల, అందులో పసిపిల్ల. ఆ జూకా వేసింది మాస్టారి పెద్ద శిష్యుడని నాకు వెంటనే తెలిసింది. ముత్యానికి ఒక్క పక్కే నీలం నీడ వెయ్యడం అతని అలవాటు. అక్కడ వెలుతురు చాలక ఫోటో తియ్యలేదు. తియ్యాల్సింది.

*

తర్వాతి సంగతులు అందరికీ తెలిసినవే. తెలుగు సినిమా హైదరాబాద్ వెళ్ళిపోయింది. తొంభైల్లో రాజకీయ నాయకుల కటౌట్లతో కొన్నాళ్ళు చేతినిండా పని దొరికింది. ఆ తర్వాత ఫ్లెక్స్ వచ్చింది. రాత్రి ఫైలు ఇస్తే పొద్దునకి ప్రింటు. శిష్యుల్లో ఇద్దరు సెట్ పెయింటింగ్‌కి రామోజీ ఫిల్మ్ సిటీకి వెళ్ళారు, ఒకాయన గుళ్ళకి రంగులు వేశాడు. మాస్టారు కొన్నాళ్ళు స్కూలు గోడల మీద జంతువులు, కూరగాయలు వేశారు. తోటలో ఇప్పుడు అపార్ట్‌మెంట్లు.

2020 మొదట్లో కణ్ణగి నగర్‌లో పెద్ద పెద్ద బిల్డింగుల గోడల మీద బొమ్మలు వేస్తున్నారని పేపర్లో చూసి, మాస్టారిని కారులో తీసుకెళ్ళాను. పాత మహాబలిపురం రోడ్డు పక్కన ఉంటుంది ఆ కాలనీ. నదుల ఒడ్డున గుడిసెలు తీసేసిన వాళ్ళకి అక్కడ ఇళ్ళిచ్చారు. కూవం ఒడ్డున బ్యానర్ల కింద పడుకున్నవాళ్ళ పిల్లలు కూడా అక్కడ ఉండి ఉంటారని నాకు దారంతా ఒకటే ఆలోచన.

నాలుగంతస్తుల గోడ ముందు క్రేన్ బుట్టలో నిలబడి ఒక కుర్రాడు ముఖం వేస్తున్నాడు. మాస్టారు ముందు గళ్ళ కోసం వెతికారు. గళ్ళు లేవు. గోడ నిండా పిచ్చి గీతలు, అంకెలు, సున్నాలు ఉన్నాయి. అదేమిటని అడిగితే కింద ఉన్న అమ్మాయి ఫోన్ చూపించి చెప్పింది. ముందు గోడ మీద అలా ఏదో ఒకటి గీసేసి ఫోటో తీస్తారట. ఆ ఫోటో మీద డిజైన్‌ని పల్చగా పరిచి చూసుకుంటారట. ఏ గీత పక్కన కన్ను రావాలో, ఏ అంకె మీద ముక్కు రావాలో తెలిసిపోతుంది. మాస్టారు ఆ ఫోన్‌ని రెండు చేతులతో తీసుకుని, ఎండ పడకుండా చేతులు అడ్డం పెట్టుకుని, ముఖం దగ్గరగా పెట్టి చూశారు. ముప్ఫై ఏళ్ళ కిందట నా కెమెరాలోకి చూసినట్టే.

"గళ్ళేరా ఇవి కూడా. కాకపోతే వంకర గళ్ళు" అన్నారు తృప్తిగా.

ఆ పిల్లలు ప్రతి రోజూ పని మొదలుపెట్టిన దగ్గర్నుంచి ఫోటోలు తీసుకుంటున్నారు. ఖాళీ గోడ, తెల్లపూత, గీతలు, రంగులు కలిపే బకెట్లు, మధ్యాహ్నం నీడలో కూర్చుని తినే అన్నం. ఒక కెమెరా అయితే స్టాండ్ మీద రోజంతా దానంతట అదే తీసుకుంటూ ఉంది. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఆ అమ్మాయితో "ఎండకీ వానకీ ఈ గోడ రంగు పోతుందమ్మా. ఇవి మాత్రం జాగ్రత్త, రెండు చోట్ల దాచిపెట్టుకోండి" అని రెండు సార్లు చెప్పాను. ముసలాయన ఎందుకింత పట్టుగా చెబుతున్నాడని అనుకునే ఉంటుంది. అయినా తలూపింది.

*

పెద్దకర్మ రోజు మాస్టారి అమ్మాయి నన్ను పక్కకి పిలిచింది. "అన్నయ్యా, నాన్న ఫోటో మంచిది ఒక్కటీ లేదు. ఆధార్ కార్డులోది పెద్దది చేయిస్తే అలా వచ్చింది" అని గోడకున్నది చూపించింది. "నీ దగ్గర ఉంటాయి కదా, నువ్వు తీసేవాడివిగా" అంది.

ఇంటికొచ్చి రేకు పెట్టె దించాను. మొత్తం నలభై ఒక్క నెగెటివ్‌లు. చెమ్మకి కొన్ని ఒకదానికొకటి అంటుకుపోయాయి. లైటు ముందు ఒక్కొక్కటీ పెట్టి చూశాను. ముప్ఫై రెండింట్లో మాస్టారున్నారు. ఒక్కదాంట్లో కూడా ముఖం లేదు. అన్నిట్లో వీపే. ఆయన బొమ్మ వైపు తిరిగి ఉన్నారు, నేను ఆయన వెనక ఉన్నాను. అన్నేళ్ళలో ఒక్కసారి "మాస్టారూ, ఇటు తిరగండి" అని పిలవాలని నాకు తోచలేదు.

అదే సంగతి వాళ్ళింటికి వెళ్ళి చెప్పి, ప్రింట్లు చేతిలో పెట్టాను. ఒక్కొక్కటీ చూస్తూ ఒకదాని దగ్గర ఆగింది. నిచ్చెన మీద మాస్టారు, చిరిగిన బనియన్, చెయ్యి పైకెత్తి ఉన్నారు. పక్కన హీరో చెవి ఆయన నడుమంత ఉంది.

"ఈ బనియన్ మీద మరకలు అమ్మ కిరోసిన్ పోసి కూడా ఉతికేది" అంది. "పోయేవి కాదు."

ఇదే పెద్దది చేయించమంది. మరీ పెద్దది వద్దు, క్యాలెండర్ పక్కన పట్టేంత చాలు అంది. మామూలు ఫ్రేము సైజుకి చెయ్యాలంటే పక్కలు కత్తిరించాలని ల్యాబులో కుర్రాడు అన్నాడు. ఆ కెమెరా నెగెటివ్ చదరంగా ఉంటుంది మరి. కత్తిరిస్తే హీరో చెవి పోతుంది. వద్దని, పన్నెండు బై పన్నెండు చేయించి, ఆ కొలతకి ఫ్రేము విడిగా కట్టించి నిన్న ఇచ్చొచ్చాను.